తుంటి ఆపరేషన్ అయ్యాక: మంచం మీంచి మళ్లీ వీధి గుమ్మం దాకా

మా అమ్మకు 74 ఏళ్లు. కార్తీక స్నానానికని తెల్లవారుజామున నాలుగున్నరకే లేచింది. బాత్రూం గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి వేసిన పాత చీర పట్టా కాలికి చుట్టుకుని పడింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. "లేవలేకపోతున్నానే" అంది, అంతే. వెళ్లి చూస్తే కుడికాలు కాస్త పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. తుంటి విరిగిందని ఎక్స్‌రే తీయకముందే ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసే అబ్బాయి చెప్పేశాడు.

మర్నాడు ఆపరేషన్, ఐదో రోజు ఇల్లు. ఇంటికొచ్చాక అసలు తప్పు నేను చేశాను. "నువ్వు కదలకమ్మా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాను" అన్నాను. వారం రోజులు అలాగే తెచ్చాను కూడా. ఎనిమిదో రోజు ఫిజియో వచ్చి దుప్పటి తీసి చూస్తే మడమ ఎర్రగా కంది, పొక్కు లేచి ఉంది. ఆ అబ్బాయి నన్ను పక్కకు పిలిచి అన్నాడు: "అక్కా, రాడ్ వేసింది మామ్మగారిని పడుకోబెట్టడానికి కాదు, లేపడానికి."

పెద్దవాళ్లను కూర్చోబెట్టి చేయడమే మర్యాద అని మనకు అలవాటు. తుంటి ఆపరేషన్ తర్వాత ఆ మర్యాదే వాళ్లను మంచానికి కట్టేస్తుంది. మా ఇంట్లో చేసినవి, చేయాల్సింది చేయనివి, డాక్టర్లనూ ఫిజియోనూ అడిగి తెలుసుకున్నవి వరసగా రాస్తున్నాను. మీ సర్జన్ చెప్పింది ఇందులో ఉన్నదానికి తేడాగా ఉంటే సర్జన్ మాటే వినండి. ఎక్స్‌రే చూసింది ఆయన.

ఇంకా ఆపరేషన్ కాలేదా?

అయితే ఒక్కటే మాట: ఆలస్యం చేయకండి. ఒంట్లో వేరే ఇబ్బంది లేకపోతే 48 గంటల లోపు ఆపరేషన్ అయిపోవడం మంచిది. మన వైపు ఎముక విరిగిందనగానే ఎవరో ఒకరు పుత్తూరు కట్టు మాట ఎత్తుతారు. చేతికో వేలికో కట్టించుకుని బాగుపడ్డవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు కాబట్టి ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. కానీ తుంటి సంగతి వేరు. పైనుంచి ఎంత గట్టిగా కట్టినా లోపలి ఎముక కదలకుండా ఆగదు. పెద్దవయసు మనిషి నెలల తరబడి పడుకోవాల్సి వస్తుంది. ఆ పడకలో వచ్చే న్యుమోనియా, పుళ్లు, రక్తపు గడ్డలే ప్రాణం మీదికి తెస్తాయి.

1. జరిగిన ఆపరేషన్ ఏదో ముందు తెలుసుకోండి

"తుంటి ఆపరేషన్" అని అందరం ఒకే మాట అంటాం గానీ అందులో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఇంట్లో మీరు తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఆ దారిని బట్టే మారతాయి.

తొడ ఎముక పైన బంతిలా ఉంటుంది. ఆ బంతి కింద సన్నటి మెడ. మెడ దగ్గర విరిగి పక్కకు జరిగితే బంతికి రక్తం అందడం తగ్గిపోతుంది, అది మళ్లీ అతకడం కష్టం. అందుకని పెద్దవాళ్లకు బంతి తీసేసి లోహపు బంతి పెడతారు. దీన్నే ఆసుపత్రుల్లో బైపోలార్ అంటుంటారు. పడకముందు బాగా తిరిగే మనిషైతే బంతి కూర్చునే గిన్నెతో సహా కీలు మొత్తం మారుస్తారు. మెడకు కింద, ఎముక లావుగా ఉండేచోట విరిగితే బంతి జోలికి పోరు. ఎముక లోపలికి రాడ్ దించి స్క్రూలు బిగిస్తారు. దాని పేరు పీఎఫ్ఎన్. కొన్నిసార్లు ప్లేటు, స్క్రూతో చేసే డీహెచ్ఎస్.

బంతి మార్చినవాళ్లకు కీలు జారిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి కొన్ని భంగిమలు నిషేధం. రాడ్ వేసినవాళ్లకు మామూలుగా ఆ గొడవ ఉండదు. మా పక్కింటావిడకు బైపోలార్, మా అమ్మకు రాడ్. ఆవిడకు చెప్పిన నిషేధాలన్నీ విని అమ్మ నెలరోజులు పక్కకు తిరిగి పడుకోవడానికి కూడా భయపడింది. అవన్నీ తనకు అక్కర్లేదని తర్వాత తెలిసింది. పక్కవాళ్ల చీటీ చూసి మనం మందు వాడకూడదు, ఇదీ అంతే.

2. డిశ్చార్జి రోజున ఈ ప్రశ్నలు అడక్కుండా కదలకండి

ఆ రోజు బిల్లు, ఇన్సూరెన్సు, అంబులెన్సు గొడవలో అసలు విషయాలు గాలికిపోతాయి. ఫైలు వెనక అట్ట మీద ముందే రాసి పెట్టుకోండి. ఆపరేషన్ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? పూర్తిగానా, సగమా, వేలు ఆనించడమేనా? చాలామందికి మర్నాటి నుంచే పూర్తి బరువు మోపనిస్తారు, అయినా మీ విషయం మీరు అడగాలి. చేయకూడని భంగిమలు ఉన్నాయా, ఎన్ని వారాలు? రక్తం పలచబడే మందు ఎన్నాళ్లు? కుట్లు ఎప్పుడు తీస్తారు? ఎముకలు గుల్లబారినందుకు మందు ఎప్పుడు మొదలుపెడతారు? ఈ చివరి ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. దాని గురించి తర్వాత చెప్తాను.

లోపల పెట్టిన రాడ్ లేదా బంతి తాలూకు స్టిక్కర్లు ఫైల్లో ఉన్నాయో లేదో చూసుకోండి. రేపు ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినా అవి కావాలి. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చుకి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పడేదాకా ఆగకుండా తీసి పెట్టుకోండి.

3. మనిషి ఇంటికి రాకముందే ఇల్లు సర్దండి

మన ఇళ్లు నేల మీద బతకడానికి కట్టినవి. నేల మీద పీట, నేల మీద పూజ, నేల మీద మరుగుదొడ్డి. వచ్చే మూడు నెలలూ ఈ నేలతో తెగతెంపులు చేసుకోవాలి.

మంచం ఎత్తు సరిపోతుందో లేదో చూడండి. అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే కిందికే ఉండాలి. నవారు మంచం, నులక మంచం పనికిరావు. మధ్యలో గుంట పడి మనిషి అందులో కూరుకుపోతారు. మంచం పొట్టిగా ఉంటే కోళ్ల కింద దిమ్మలు పెట్టించండి, కదలకుండా బిగించి ఉండాలి సుమా. కుర్చీ కూడా చేతులున్నది, గట్టిది, ఎత్తైనది ఉండాలి. సోఫా వద్దు.

మరుగుదొడ్డి ఇండియన్ టైపు అయితే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. వెస్ట్రన్ అయినా పొట్టిగా ఉంటే పైన పెట్టే రైజర్ దొరుకుతుంది. గోడకు పట్టుకునే కడ్డీలు వేయించండి. తువ్వాళ్లు ఆరేసే స్టాండు పట్టుకుని లేస్తే అది ఊడి చేతికొస్తుంది, ఆ నమ్మకం పెట్టుకోకండి. స్నానం కుర్చీలో కూర్చునే.

ఇప్పుడు గడప సంగతి. వాకర్ కొనేముందు బాత్రూం తలుపు వెడల్పు టేపుతో కొలవండి. మేం కొలవలేదు. తీరా తెచ్చాక వాకర్ ఆ తలుపులో పట్టలేదు. అడ్డంగా తిప్పి దూర్చాలని చూసింది అమ్మ. నేను పక్కనే ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే రెండో తుంటి కూడా అయ్యేది. వాకర్ మార్చుకోడానికి కొట్టువాడు ఒప్పుకున్నాడు, ఒక రోజంతా పోయింది. గడప మరీ ఎత్తుగా ఉంటే వడ్రంగి చేత రెండువైపులా చెక్క వాలు పెట్టించండి. గడపకు పసుపు కుంకుమా ఆ చెక్క మీద కూడా పెట్టుకోవచ్చు, మా అమ్మ పెట్టింది.

చివరగా, గుమ్మాల్లో ఉన్న పట్టాలు, మ్యాట్లు అన్నీ తీసేయండి. అన్నీ అంటే అన్నీ. ఫోను ఛార్జరు వైరు కూడా. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టండి.

4. మంచం మీంచి లేపడం

చెయ్యి పట్టి లాగడం, చంకల్లో చెయ్యి వేసి ఎత్తడం వద్దు. వాళ్ల భుజమూ పోతుంది, మీ నడుమూ పోతుంది. వాళ్లే లేవాలి, మీరు పక్కన ఉండాలి.

ముందుగా మోచేతుల మీద ఆనుకుని, మంచి కాలితో తన్నుకుంటూ మంచం అంచుకు జరగాలి. తర్వాత నడుము మెలిక పడకుండా మొండెం, రెండు కాళ్లు ఒకేసారి తిరగాలి. వీలైతే ఆపరేషన్ కాలు ఉన్న వైపు నుంచే దిగమనండి, కాలు ఇటు నుంచి అటు దాటాల్సిన పని ఉండదు. కూర్చున్నాక వెంటనే నిలబడొద్దు. రెండు నిమిషాలు ఆగి, తల తిరుగుతోందా అని అడగండి. ఆపరేషన్‌లో రక్తం పోయి ఉంటుంది, బీపీ మాత్రలు వాడుతుంటే కళ్లు తిరగడం ఇంకా ఎక్కువ.

లేచేటప్పుడు ఆపరేషన్ కాలు కాస్త ముందుకు చాపి, మంచి కాలు వెనక్కి పెట్టి, రెండు చేతులతో మంచాన్ని నొక్కి లేవాలి. వాకర్ పట్టుకుని లాక్కుంటూ లేస్తే వాకర్ మీద పడుతుంది. నిలబడ్డాక ఒక్కో చెయ్యి వాకర్ మీదికి మార్చాలి. కూర్చునేటప్పుడు ఇదే తిరగేసి: వెనక్కి నడిచి, పిక్కలకు కుర్చీ అంచు తగిలాక, చేతులు కుర్చీ చేతుల మీదికి తెచ్చుకుని మెల్లగా. "ధబ్బున కూలబడొద్దు మామ్మగారూ" అని ఫిజియో రోజూ అనేవాడు. "కూలబడితే నీకేం బాబూ, కుర్చీ నాది" అనేది అమ్మ. ఆ మాట అన్న రోజే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

5. వాకర్‌తో నడక

నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడుంటుందో వాకర్ పిడి అక్కడుండాలి. అంతకంటే కింద ఉంటే మనిషి వంగిపోతారు. నాలుగు కోళ్లూ ఒకే బొడిపె దగ్గర బిగిశాయో లేదో లెక్కపెట్టి చూడండి. చివర రబ్బరు బుడ్లు అరిగిపోతే టైల్స్ మీద జారుతాయి.

నడక వరస: వాకర్, ఆపరేషన్ కాలు, మంచి కాలు. వాకర్ ఒక అడుగు ముందుకు జరపాలి, నాలుగు కోళ్లూ నేలకు ఆనాలి, అప్పుడు ఆపరేషన్ కాలు, చేతుల మీద బరువు వేసి మంచి కాలు. మొదట్లో అందరూ వాకర్‌ని దూరంగా తోసి దాని వెనక వంగి నడుస్తారు. దగ్గరగా ఉండమనండి. తిరిగేటప్పుడు ఆపరేషన్ కాలు మీద గిర్రున తిరగకూడదు, చిన్న చిన్న అడుగులతో తిరగాలి.

మొదటి రోజు మంచం నుంచి కుర్చీ దాకా చాలు. తర్వాత వంటింటి గుమ్మం దాకా, ఆపైన హాలు చివరిదాకా. రోజుకి ఒకేసారి అరగంట నడిపించడం కంటే ఐదారుసార్లు ఐదేసి నిమిషాలు నయం. భోజనం మంచం దగ్గరికి తేవడం ఆపేయండి. అన్నం బల్ల దగ్గరే ఉంటుందంటే మూడుపూటలా నడక దానంతట అదే అయిపోతుంది. నేను ఎనిమిదో రోజు సాయంత్రం నుంచి చేసింది ఇదే. అమ్మకు కోపం వచ్చింది. "కన్నకూతురివి, పళ్లెం తెచ్చివ్వలేవా" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అయినా తేలేదు.

కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయండి, హవాయి చెప్పులు జారతాయి. చీర కుచ్చెళ్లు చీలమండ పైకి ఉండాలి. నైటీ కూడా అంతే.

6. మొదటి మూడు వారాల్లో కాపలా కాయాల్సినవి

గాయం: కుట్లో పిన్నులో మామూలుగా 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. అప్పటిదాకా తడవకూడదు. పసుపు, కొబ్బరినూనె, ఆకు పసరు ఏదీ రాయొద్దు. చుట్టూ కమిలినట్టు నల్లగా, నీలంగా ఉండి ఆ రంగు మోకాలి దాకా దిగుతుంది. అది మామూలే. కాలి వాపు సాయంత్రానికి పెరిగి పొద్దుటికి తగ్గడం కూడా మామూలే, నెలలపాటు ఉంటుంది.

రక్తం గడ్డలు: కదలని కాలి పిక్కలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. దానికే పొట్ట మీద ఇచ్చే ఎనాక్సాపరిన్ ఇంజెక్షనో, మాత్రలో రాస్తారు. నాలుగైదు వారాలు వాడమంటే అన్నాళ్లూ వాడాలి, నడుస్తున్నారు కదా అని ఆపకూడదు. తెలిసినవాళ్లు వచ్చి నువ్వుల నూనెతో తొడ, పిక్క మర్దనా చేస్తామంటారు. దణ్ణం పెట్టి వద్దనండి. లోపల గడ్డ ఉంటే మర్దనాకి కదిలే ప్రమాదం ఉంది.

పడక పుళ్లు: మంచం మీద ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. నడుము కింది భాగం, మడమలు రోజూ వెలుతురులో చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పుండుకు మొదలు. (నల్లటి ఒంటిమీద ఎరుపు తెలియదు, వేడిగానో గట్టిగానో తగులుతుంది.) మడమ కింద దిండు పెట్టకండి. పిక్క కింద పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడండి. మా అమ్మకు మేం చేయనిది ఇదే.

ఊపిరి: ఆసుపత్రిలో మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. ఇంటికొచ్చాక అది అలమారలోకి పోతుంది. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు గాలి లోపలికి లాగి బంతులు లేపించండి. ఊదడం కాదు, లాగడం. మనవళ్లతో పందెం పెడితే బాగా పనిచేస్తుంది.

మలబద్ధకం: నొప్పి మాత్రల్లో ట్రమడాల్ లాంటివి పేగుల్ని మందగింపజేస్తాయి. మూడు రోజులు చూసి ఆముదం వెతుక్కోవడం కాదు, మొదటి రోజు నుంచే నీళ్లు, పళ్లు, ఆకుకూరలు, అవసరమైతే డాక్టరు చెప్పిన సిరప్. బాత్రూంకి లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. అడిగితే తాగానంటారు. సీసా మీద గుర్తు పెట్టి చూడండి. నొప్పి ఓర్చుకోవడం కూడా గొప్ప కాదు. నొప్పి ఉంటే కదలరు. ఫిజియో రావడానికి అరగంట ముందు డాక్టరు రాసిన మాత్ర వేయండి. మందుల షాపులో అడిగి కొనే నొప్పి మాత్రలు మాత్రం వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంకొకటుంది, దీనికి మమ్మల్ని ఎవరూ సిద్ధం చేయలేదు. ఆపరేషన్ అయిన మూడో రాత్రి అమ్మ లేచి కూర్చుని, "గేదె తాడు తెంపుకుంది, వెళ్లి కట్టేయవే" అంది. గేదెల్ని అమ్మేసి ఇరవై ఏళ్లయింది. చనిపోయిన నాన్నను పేరు పెట్టి పిలిచింది, ఏనాడూ పిలవని పేరు. చేతికున్న సెలైన్ సూది పీకేసింది. మతి పోయిందనుకుని నేను వణికిపోయాను. మన పెద్దవాళ్లు సంధి అనేవాళ్లే, అది. పెద్దవయసులో తుంటి ఆపరేషన్ అయినవాళ్లలో ఇది చాలా మామూలు. ఎక్కువమందిలో రోజుల్లోనో వారాల్లోనో తగ్గుతుంది. నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మలబద్ధకం, నిద్రమాత్రలు, ఒంట్లో నీరు తగ్గడం, వీటిలో ఏదో ఒకటి వెనక ఉంటుంది. కాబట్టి డాక్టరుకి వెంటనే చెప్పాలి, "వయసైపోయింది" అని వదిలేయకూడదు. అమ్మకు సోడియం తగ్గిందని తేలింది. ఇంట్లో చేయాల్సింది: కళ్లద్దాలు పెట్టండి, చెవి మిషన్ పెట్టండి, పగలు కిటికీ తెరవండి, గోడ గడియారం కనిపించేలా ఉంచండి, తెలిసిన ముఖం ఒకటి ఎప్పుడూ ఎదురుగా ఉండనివ్వండి. వాదించకండి. "గేదెని కట్టేశానమ్మా, పడుకో" అంటే పడుకుంది.

7. వ్యాయామాలు

ఫిజియో వారానికి రెండు మూడుసార్లు వస్తాడు. మిగతా రోజులన్నీ మీవే. ఇవి ఒక్కొక్కటీ పదేసిసార్లు, రోజుకి మూడు పూటలు.

పడుకుని చేసేవి మొదటి రోజు నుంచే మొదలవుతాయి. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మోకాలి కింద చిన్న తువ్వాలు మడత పెట్టి దాన్ని మోకాలితో కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టడం, పిరుదులు బిగించి వదలడం, మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు మడవడం. మడమ జారడానికి కింద ప్లాస్టిక్ కవరు వేస్తే తేలిక. కూర్చుని చేసేది ఒకటే, మోకాలు చాపి ఐదు లెక్కపెట్టి దించడం.

నిలబడి చేసేవాటికి వంటింటి గట్టు మంచి ఆసరా. గట్టు పట్టుకుని ఆపరేషన్ కాలిని పక్కకు లేపడం, వెనక్కి లేపడం, మడమలెత్తి నిలబడడం. పక్కకు లేపేది విసుగు పుట్టిస్తుంది గానీ అదే ముఖ్యం. తుంటి పక్క కండరం బలపడకపోతే నడకలో ఒంగి ఒంగి కుంటడం మిగిలిపోతుంది. అమ్మ పాలు కాగేలోపు ఇవి చేసేది. పాలు పొంగిన రోజులూ ఉన్నాయి.

చేశాక కాస్త సలుపు ఉండొచ్చు. మర్నాటికీ తగ్గకపోతే ఎక్కువ చేశారన్నమాట, తగ్గించండి.

8. బంతి మార్చినవాళ్లు చేయకూడనివి

మామూలుగా 6 నుంచి 12 వారాలు, మీ సర్జన్ చెప్పినన్నాళ్లు. తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. పాదం లోపలికి తిప్పకూడదు. చెప్పడానికి మూడే, పాటించేటప్పుడు ఇల్లంతా అడ్డొస్తుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, కత్తిపీట ముందు కూర్చోవడం, కింద పడ్డ తాళంచెవి వంగి తీయడం, కుర్చీలో కూర్చుని కాలిగోళ్లు తీసుకోవడం, ఎవరైనా పెద్దవాళ్లొస్తే పాదాలకు దణ్ణం పెట్టడం, ఇవన్నీ ఆ మూడింటిలోకే వస్తాయి. వెల్లకిలా పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి. మంచి కాలి వైపు ఒత్తిగిలితే మోకాళ్ల మధ్య రెండు దిండ్లు.

9. తిండి

"పప్పు పెట్టకు, చీము పడుతుంది. గుడ్డు వేడి. వంకాయ వద్దు, గోంగూర వద్దు." పరామర్శకు వచ్చిన పదిమందీ ఇదే. చివరికి చారు, అన్నం మిగులుతుంది. పుండు మానాలన్నా, కండ పట్టాలన్నా మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.5 గ్రాములు, అంటే 55 కిలోల మనిషికి 55 నుంచి 80 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో సుమారు అంతే. లెక్క వేస్తే చారన్నంతో ఎంత దూరంలో ఉంటామో తెలుస్తుంది. పప్పు పెట్టండి. పెసరట్టు, శనగలు, పెరుగు, తినేవాళ్లకు గుడ్డు, చేప, కోడి పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరునడిగి.

ఆకలి ఉండదు. మూడుసార్లు పెద్ద పళ్లెం పెట్టే బదులు ఆరుసార్లు కొంచెం కొంచెం. పొద్దున రాగి జావ పాలతో ఇస్తే కాల్షియమూ అందుతుంది. షుగర్ ఉంటే అదుపులో ఉంచండి, లేకపోతే గాయం మానదు. హిమోగ్లోబిన్ ఎంతుందో ఒకసారి చూపించండి.

10. మెట్లు, బండి

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఒక చెయ్యి రెయిలింగు మీద ఉండాలి. ఎక్కేటప్పుడు మీరు వెనక, దిగేటప్పుడు ముందు ఉండండి. బాత్రూం ఒక మెట్టు కిందికి ఉన్నా ఇదే సూత్రం, వాకర్ ముందు దించి తర్వాత కాలు.

కారులో ముందు సీటు వెనక్కి జరిపి, ముందు కూర్చుని తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పాలి. సీటు మీద ప్లాస్టిక్ కవరు వేస్తే తిరగడం తేలిక. ఆటో మెట్టు ఎత్తు, కుదుపు ఎక్కువ. మొదటి ఆరు వారాలు మానేయడం మేలు. స్కూటర్ మీద ఒకవైపు కూర్చోవడం సంగతి సర్జన్ సరేననేదాకా ఎత్తకండి.

11. ఎన్నాళ్లు పడుతుంది?

ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అడిగేదీ ఇదే. అమెరికాలో ఉన్న మా తమ్ముడు రోజూ వీడియోలో "ఇంకా వాకరేనా?" అనేవాడు. వాడికి చెప్పిందే చెప్తాను. రెండు వారాలకు కుట్లు పోయి, ఇంట్లో వాకర్‌తో తిరుగుతారు. ఆరు వారాలకు ఎక్స్‌రే తీసి ఎముక ఎలా ఉందో చూస్తారు. ఆ తర్వాత కర్రకు మారొచ్చు. కర్ర పట్టాల్సింది ఆపరేషన్ కాలికి ఎదురు చేతిలో, అదే వైపు చేతిలో కాదు. మూడు నెలలకు వీధిలోకి. మెరుగుదల ఏడాది దాకా సాగుతుంది. అందరూ పడకముందున్నట్టు నడవరు. కొందరికి కర్ర ఉండిపోతుంది. ఈ మాట ముందే తెలిస్తే ఇంట్లో గొడవలు తగ్గుతాయి.

కాలి కంటే భయం ఎక్కువ రోజులు పడుతుంది. అమ్మ కాలు బాగయ్యాక కూడా నెలరోజులు బాత్రూం గుమ్మం దగ్గర ఆగి నా వంక చూసేది.

12. రెండో తుంటి విరగకుండా

నిలబడ్డ ఎత్తు నుంచి పడితే తుంటి విరిగిందంటే, ఈ వయసులో ఎముకలు గుల్లబారాయనే అర్థం. రాడ్ వేసింది విరిగిన చోటికి, మిగతా ఎముకలు అలాగే ఉన్నాయి. ఇందాక చెప్పిన ఐదో ప్రశ్న ఇందుకే. విటమిన్ డి, కాల్షియం ఒక్కటే చాలవు. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది, వారానికోసారి మింగే అలెండ్రోనేట్ మాత్ర ఉంది, రోజూ పొడిచే టెరిపారటైడ్ ఇంజెక్షన్ ఉంది. ఎవరికి ఏది అన్నది కిడ్నీలు, విటమిన్ డి చూసి డాక్టరు చెప్తారు. అలెండ్రోనేట్ అయితే పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట నిటారుగా ఉండాలి, కాఫీ కూడా తర్వాతే. జోలెడ్రోనిక్ ఎక్కించే ముందు పళ్లు పీకించాల్సిన పని ఉంటే అది ముగించుకోవాలి.

పడడానికి కారణం కూడా వెతకండి. అమ్మకు పట్టా ఒక కారణం, ముదిరిన శుక్లం ఇంకో కారణం, రాత్రి వేసుకునే నిద్రమాత్ర మూడోది. శుక్లం తీయించాం. మాత్ర డాక్టరే ఆపించారు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. ఒక పిక్క గట్టిపడి వాచి నొప్పి పుడితే అదే రోజు చూపించాలి. తుంటిలో ఉన్నట్టుండి కలుక్కుమని, కాలు పొట్టిగానో మెలిపడ్డట్టుగానో అయి అడుగు వేయలేకపోతే బంతి జారి ఉండొచ్చు, ఎవరూ లాగి సరిచేయబోకండి. గాయం నుంచి చీము, తగ్గని తడి, 100.4 దాటిన జ్వరం, నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి రక్తం, ఉన్నట్టుండి మొదలైన తికమక మాటలు, వీటిలో ఏదైనా సరే రేపటి దాకా ఆగొద్దు.

ఇప్పుడు ఏడో నెల. పొద్దున కూరగాయల బండి వస్తే అమ్మే కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్లి బేరమాడుతోంది. ఎడమ చేతిలో కర్ర, కుడి చేత్తో బెండకాయ తోక విరిచి చూడడం. వాకర్ అటక మీద ఉంది. రెండు వీధుల అవతల ఒకాయన పడ్డారట, అడిగి పంపారు. రబ్బరు బుడ్లు రెండు అరిగాయి. కొత్తవి వేయించి ఇవ్వాలి.